సద్దు ఆగిన రాత్రి

తుప్పుపట్టి బిగుసుకుపోయిన ఇంజన్ని బలవంతం చెయ్యకూడదు. సుత్తితో బాదితే పిస్టన్ పగులుతుంది తప్ప కదలదు. నూనె పోసి, ఊరనిచ్చి, పక్కనే కూర్చుని, అదంతట అది వదిలేదాకా ఓపిక పట్టాలి. సాక్షుల దగ్గర కూడా నాది అదే పద్ధతి. అందుకే పోలీసు స్నేహితులు నాకు ‘నిద్రమొహం డిటెక్టివ్’ అని పేరు పెట్టారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కళ్ళు సగం మూతపడి ఉన్నప్పుడే నా బుర్ర బాగా పనిచేస్తుందన్నది నిజమే.

కోట అనే ఊరికి తూర్పున, ఉప్పుకాలవ పక్కన, రొయ్యల గుంటల మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నా పేరు ఎవాంజెలిన్. డిటెక్టివ్ కాకముందు పన్నెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలకు పాడైన ఇంజన్లు పరీక్షించి పెట్టాను. ఇనుము అబద్ధం చెప్పదన్న నమ్మకం అప్పటినుంచి అంటుకుంది. మనుషుల మీద అంత నమ్మకం ఇంకా కుదరలేదు.

నా పక్కన ఫేబీ కూర్చుని డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పేసిన రంధ్రాల్లోకి కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోస్తోంది. ఈ ఇంజను నడిపిన డ్రైవరు జడ్సన్ ఆమె భర్త. నవంబరు తుఫాను రాత్రి ఈ గుంటల యజమాని హజరత్తయ్య తల పగిలి కాలవలో శవమై తేలాడు. చంపింది జడ్సనే అని పోలీసులు పట్టుకెళ్ళారు. మూడు నెలలుగా జైల్లో ఉన్నాడు. శుక్రవారం బెయిలు వాదన.

జడ్సన్ చెప్పేది ఒకటే. సాయంత్రం యజమాని డీజిలు తెమ్మని కోటకు పంపాడు, తను వెళ్ళేటప్పుడు ఇంజను ఆడుతోంది, వానలో తడుస్తూ తిరిగొచ్చేసరికి ఆగిపోయి ఉంది. అప్పటికి వరద నీళ్ళు ఇంకా షెడ్డు దాకా రాలేదు. పోలీసులు చెప్పేది వేరు. ఇంజన్ని వరద నీళ్ళే ఆపాయి, అక్కడ మూడో మనిషి లేడు, ఉన్నది జడ్సన్, హజరత్తయ్య మాత్రమే.

అంటే ఒక మనిషి బతుకంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఇంజన్ని ఆపింది నీళ్ళా, మనిషి చెయ్యా? ఆ సంగతి తెలిసిన ఇంజను నోరు తుప్పుతో మూసుకుపోయింది. వారం రోజులు వరదలో మునిగి, ఆ తర్వాత బురదలో పడి ఉంది మరి.

“వదులుద్దా అక్కా?” అని ఫేబీ పొద్దున్నించీ అడుగుతూనే ఉంది.

“వదులుద్ది. తొందరపెట్టకు.”

అవతలి గుంట గట్టు మీద, అద్దెకు తెచ్చిన ఇంకో ఇంజను ఆడుతోంది. దాని కరెంటుతో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు నీళ్ళలో తిరుగుతున్నాయి, తెల్లటి నురగ చిమ్ముతున్నాయి. ఎండ, ఉప్పు గాలి, తెంపు లేని ఆ దడదడ. కాసేపటికి ఆ సద్దు చెవిలోంచి ఒంట్లోకి దిగిపోతుంది. మనం దాన్ని వింటున్నామన్న సంగతే మరిచిపోతాం. గుంటలు తేలుతున్నట్టు, షెడ్డు తేలుతున్నట్టు, నేను కూడా తేలుతున్నట్టు ఉంది. చిన్నప్పుడు మా అమ్మ నడుము పట్టుకుని పడుకున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. కొంగలు కూడా ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి.

ఆ మగతలోనే పెంచలకృష్ణ వచ్చాడు. చనిపోయిన హజరత్తయ్యకు తమ్ముడు. నలభై అయిదేళ్ళుంటాయి, మెత్తని మనిషి, భుజం మీద తువ్వాలు. అన్న పోయాక గుంటల పని ఈయనే చూస్తున్నాడు. నేనడిగిన కిరసనాయిలు డబ్బా తెచ్చి పెట్టి, ఏదో అన్నాడు. ఇంజను సద్దులో వినిపించలేదు.

“ఉండండి మేడం, ఈ సద్దులో ఏం మాట్లాడతాం. ఎండ కాస్తా ఉంది, రొయ్యలకి కాసేపు ఏం కాదులే,” అని అరిచి గట్టు మీదకి నడిచాడు.

నా కళ్ళు మూతపడుతున్నాయి. ఆయన తువ్వాలు మడిచి అరచేతికి చుట్టుకుని, జ్వరమొచ్చిన పిల్లవాడి నెత్తి మీద చెయ్యి వేసినట్టు ఇంజను నెత్తిన చెయ్యి వెయ్యడం చూశాను. తర్వాత అంతా నిశ్శబ్దం. సద్దు ఎలా తగ్గిందో గమనించలేదు. నిద్రమొహం అన్న పేరు ఊరికే రాలేదు కదా.

ఆ నిశ్శబ్దానికి గట్టు చివరి ఇంటి తలుపు భళ్ళున తెరుచుకుంది. హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ చెప్పులు కూడా లేకుండా గట్టు మీదికి పరిగెత్తుకొచ్చింది. జుట్టు ముడి వీడిపోయి ఉంది. నిద్రలోంచి లేచినట్టుంది.

“ఏమయింది, ఏమయింది?”

“నేనే వదినా, నేనే ఆపినా. మేడంతో మాట్లాడాల. పోయి పడుకో,” అన్నాడు పెంచలకృష్ణ.

ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వెళ్ళింది. ఆయన వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“తుఫాను రాత్రి మీరెక్కడున్నారు?”

“ఇంట్లోనే. మా ఊరు ఇక్కడికి రెండు మైళ్ళు గదా. చీకటి పడకముందే రోడ్డు మీద నీళ్ళు. తెల్లారినాకే వచ్చినా, అన్న శవాన్ని చూసేదానికి.”

“ఈ ఇంజను మీరెప్పుడైనా నడిపారా?”

“దీన్నా?” ఆయన నవ్వాడు. “జడ్సన్ ఎవుర్నీ చెయ్యి పెట్టనిస్తే గదా. నాకు చేలో నీళ్ళింజను తిప్పడమే తెలుసు. పాతికేళ్ళు వరి పండించినా మేడం.”

“ఇప్పుడు పండించట్లేదా?”

ఆయన చెయ్యి చాచి పడమటివైపు చూపించాడు. గుంటలకు ఆనుకుని మళ్ళు. గట్లు మాత్రం ఉన్నాయి, మధ్యలో నేల తెల్లగా పొక్కిపోయి ఉంది.

“అయ్యి మా మళ్ళు. గుంటల ఉప్పు కిందికి దిగింది. మూడేళ్ళ నించీ నారు పోస్తే నారు మాడిపోతా ఉంది. అన్నకి చెప్పినా. నువ్వు కూడా గుంటలు తవ్వుకోరా అన్నాడు. అన్న గదా, ఏమంటాం.” గొంతులో కోపం లేదు. ఎవరో పరాయివాళ్ళ కథ చెబుతున్నట్టు చెప్పాడు. నాకు ఆయన మీద జాలేసింది. నిజంగానే వేసింది.

ఆయన వెళ్ళి ఇంజను మళ్ళీ తిప్పాడు. దడదడ మొదలవగానే గుంటలన్నీ మళ్ళీ కలలోకి జారుకున్నాయి.

నేను ఆదిశేషమ్మ ఇంటికి వెళ్ళాను. ఇల్లంటే ఒక గది, ఒక వసారా. వసారాలో నులకమంచం. ఆమె నాకు మజ్జిగ ఇచ్చి మంచం అంచున కూర్చుంది.

“ఇందాక అంత భయపడ్డారేంటమ్మా?”

“అలవాటమ్మా. ఎనిమిదేళ్ళ నించీ ఆ సద్దులోనే నిద్రపోతా ఉండాం. అది ఆడతా ఉంటే పక్కన పిడుగు పడ్డా మెలకువ రాదు. ఆగిందంటే మాత్రం లేచి పరిగెత్తాల్సిందే. రాత్రి పూట గాలి లేకపోతే రొయ్య బతకదు గదా. మా ఆయనా అంతే. పసిబిడ్డ ఏడిస్తే తల్లి లేచినట్టు, ఆయన సద్దు ఆగితే లేస్తాడు.”

“ఆ రాత్రి కూడా అలాగే లేచారా?”

“అట్టాగే లేచినాడు. టార్చిలైటు తీసుకుని, నువ్వు పడుకో అనేసి పోయినాడు. వానలో ఆ లైటు గట్టు మీద ఊగతా పోవడం చూసినా. అదే ఆఖరు చూపు.” కళ్ళు తుడుచుకుంది. తుడుచుకోవడానికి సమయమిచ్చాను.

“సద్దు ఆగిన ఎంతసేపటికి వరద వచ్చింది?”

“అన్నం ఉడికేంత సేపు పట్టింది. పోలీసు సర్కిలయ్యకి చెప్పినా. నువ్వు భయంలో ఉండావు, నీకేం తెలస్తాదన్నాడు.”

“నాకు తెలుసుకోవాలని ఉంది, చెప్పండి. సద్దు ఎలా ఆగింది? టక్కున ఆగిందా?”

 కళ్ళు మూసుకుని, ఆ రాత్రిని మళ్ళీ వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచింది.

“జడ్సను ఆపితే గుద్దుకుంటా, గుద్దుకుంటా, ఒక్కసారి వణికి ఆగుద్ది. ఎనిమిదేళ్ళు విన్నా గదా. ఆ రాత్రి అట్టా కాదు. దడదడ ఉన్నట్టుండి పోయి, బుస్సు... బుస్సు... అని నిట్టూర్చినట్టు తగ్గిపోయింది. గాలి పోతా ఉన్నట్టు. నేను సగం నిద్రలో ఉండా. పాముని కలగన్నాననుకున్నా.”

మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. పోలీసులు ఈ మాట ఆమెను అడగలేదు. అడగాలని ఎవరికీ తోచి ఉండదు, నిద్రలో విన్నది సాక్ష్యమని ఎవరనుకుంటారు?

లేచేటప్పుడు అడిగాను, “గుంటలు అమ్మేస్తారా?”

“అమ్మను. ఆయన పెట్టిన పని. రేపు పొక్లెయినొస్తాది, పడమటి మళ్ళల్లో ఇంకో రెండు గుంటలు తవ్విస్తా. అయి ఉమ్మడి మళ్ళే గదా. పొద్దన మా మరిదికి చెప్పినా, సరే వదినా అన్నాడు. మంచోడమ్మా, నోట్లో నాలిక లేదు.”

తిరిగి షెడ్డుకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. సముద్రం వైపు నుంచి సన్నటి మంచులాంటిది గుంటల మీదికి పాకుతోంది. షెడ్డు ముందు జీపు ఆగి ఉంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆనందబాబు లోపల నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఇంజన్ని చూస్తున్నాడు. ఈ కేసు ఆయనదే.

“మూడు రోజుల నించీ నూనె పోస్తా ఉండారంట. తలంటు అయిందా మేడం?”

“అయింది. ఒళ్ళు తుడవడమే మిగిలింది. కూర్చోండి.”

“కూర్చునేంత తీరిక లేదు. నీళ్ళొచ్చినాయి, ఇంజను ఆగింది. యజమాని వచ్చినాడు, మాటా మాటా పెరిగింది, జడ్సన్ కొట్టినాడు. కొట్టిన ఇనుప హ్యాండిలు, ఇంజను తిప్పేది, వాళ్ళ గుడిసెలోనే దొరికింది.”

“డ్రైవరు హ్యాండిలు డ్రైవరు గుడిసెలో కాకపోతే మీ స్టేషన్లో దొరుకుతుందా?”

ఫేబీ తల వంచుకుంది, నవ్వు దాచుకోవడానికో ఏడుపు దాచుకోవడానికో తెలియలేదు. ఆనందబాబు మొహం ఎర్రబడింది.

“మీకు ఫీజొస్తాది కాబట్టి ఎంతసేపైనా కూర్చుంటారు. నాకు ఈ ఒక్క కేసే కాదు.”

“అందుకే కదా, మీ బదులు నేను కూర్చున్నాను. ఫేబీ, గునపం తీసుకో.”

ఇంజను పక్కనున్న పెద్ద చక్రం, ఫ్లైవీలు కంతలో గునపం దూర్చి ఇద్దరం బరువేశాం. కదల్లేదు. ఎదురువైపు నొక్కాం. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. నిద్రపోయేవాళ్ళని భుజం పట్టి ఊపినట్టు, కోపం లేకుండా, ఆపకుండా. ఫేబీ పెదవులు కదులుతున్నాయి. ఇంజను కోసం ప్రార్థన చేసే మనిషిని మొదటిసారి చూశాను. ఎక్కడో లోపల చిన్నగా ‘టిక్’ మంది. ఫ్లైవీలు వెంట్రుకవాసి జరిగింది. నాజిలు రంధ్రంలో నూనె బుడగ లేచి పగిలింది.

“వదిలింది అక్కా,” అంది ఫేబీ. ఆమె చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.  మూడు నెలల మౌనం తర్వాత ఒక్క మాట విన్నట్టుంది.

ఆ తర్వాత పని తేలికైంది. కొంచెం కొంచెంగా తిప్పుతూ పిస్టన్లను పూర్తిగా పైకి తెచ్చాం. నానిన బోల్టులు విప్పి, సిలిండర్లకు మూతల్లా ఉండే రెండు హెడ్లూ పక్కన పెట్టాం. రెండు పిస్టన్ల నెత్తి మీదా ఇనుప స్కేలు అడ్డంగా ఉంచాను. సందు లేకుండా సమంగా కూర్చుంది.

“చూడండి ఆనందబాబు గారూ. నీళ్ళు గాలిలా నలగవు. ఆడుతున్న ఇంజను నీళ్ళు మింగితే లోపల పిస్టన్ని మోసే రాడ్డు వంగక తప్పదు. వంగితే ఆ పిస్టన్ పొట్టిదైపోతుంది. ఇవి రెండూ ఒకటే ఎత్తులో ఉన్నాయి. నీళ్ళు వచ్చేటప్పటికే ఇంజను ఆగిపోయి ఉంది. దీన్ని ఆపింది మనిషి.”

ఆయన వంగి స్కేలు వైపు చూశాడు. రుమాలు జేబులో పెట్టేశాడు.

“మనిషే ఆపినాడనుకుందాం. ఆ మనిషి జడ్సన్ కాదని ఎట్టా?”

మంచి ప్రశ్న. ఆయన మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు. నేను ఫ్లైవీలు తిప్పి పిస్టన్లను కిందికి దించాను. టార్చి వేసి సిలిండర్ల లోపలికి చూశాను. ఎడమదాంట్లో గోడ చుట్టూ ఎర్రటి తుప్పు పట్టీ. కుడిదాంట్లోకి చూశాను. అక్కడా అంతే మందంగా, అదే ఎత్తులో. 

“ఈ ఇంజనులో పిస్టన్లు రెండూ కలిసే లేస్తాయి, కానీ వంతులు వేరు,” అన్నాను నెమ్మదిగా. “ఒక సిలిండరు వాల్వు తెరుచుకుని ఉంటే రెండోదాని వాల్వులు మూసి ఉంటాయి. డీజిలు కట్టేసి ఆపినా, డీజిలు అయిపోయి ఆగినా, ఒకటి మూసే ఉండాలి. మూసినదాంట్లోకి వరద దూరదు. ఇక్కడ రెండూ ఒకేలా మునిగాయి. రెండూ తెరిచి ఉన్నాయి.”

“అదెట్టా కుదురుద్ది?”

“ఒకే ఒక్క పద్ధతిలో.” పక్కన పెట్టిన హెడ్డు మీద చిన్న లివరు చూపించాను. “స్టార్ట్ చేసేటప్పుడు హ్యాండిలు తేలిగ్గా తిరగడానికి ఇది ఎత్తుతారు. ఎత్తితే వాల్వు తెరుచుకుని గాలి బయటికి పోతుంది. ఎవరో రెండు లివర్లూ ఎత్తి ఇంజన్ని ఆపారు, ఎత్తినవి ఎత్తినట్టే వదిలి వెళ్ళారు. సైలెన్సరు గొట్టంలోంచి నీళ్ళు రెండింట్లోకీ దిగాయి.”

“మేం వచ్చినప్పుడు లివర్లు దించే ఉండాయే.”

“మీ మనుషులు స్టార్ట్ చెయ్యాలని ఎన్నిసార్లు ఎత్తి దించారో వాళ్ళనే అడగండి.”

 ఫేబీ లేచి నిలబడింది.

“మా ఆయన దాంతో ఆపడు సార్. చచ్చినా ఆపడు. అట్టా ఆపితే ఇంజను గొంతు పిసికినట్టే అంటాడు. చేలల్లో అట్టా ఆపేవాళ్ళని చూస్తే తిట్టిపోస్తాడు.”

“చేలల్లోనా?” అన్నాడు ఆనందబాబు.

“పాత నీళ్ళింజన్లకు డీజిలు కట్టేసే మీట ఏనాడో ఊడిపోయి ఉంటుంది,” అన్నాను. “వరి రైతులు ఈ లివరు ఎత్తే ఆపుతారు. వేడికి కాలకుండా చేతికి గుడ్డ చుట్టుకుంటారు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి ఏ ఇంజను దగ్గరికి వెళ్ళినా అక్కడికే పోతుంది. అలా ఆపితే దడదడ పోయి, బుస్సు బుస్సుమని నిట్టూరుస్తూ ఆగుతుంది. ఆదిశేషమ్మగారు ఆ రాత్రి విన్నది ఆ బుసే. హజరత్తయ్యను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు ఆనందబాబు గారూ. సద్దు ఆపితే ఆయన తనంతట తాను లేచి వస్తాడని తెలిసినవాడు ఆపాడు. ఆపి చీకట్లో నిలబడ్డాడు.”

చెబుతుండగానే మధ్యాహ్నపు మగతలో చూసినది నా కళ్ళ ముందు నిలబడింది. మడిచిన తువ్వాలు. ఇంజను నెత్తి మీద చెయ్యి. డీజిలు మీట పక్కన ఉంటుంది. నెత్తి మీద ఉండేవి లివర్లు మాత్రమే. నా ఎదుటే చేశాడు, అంత ఎండలో, నేను నిద్రపోయాను.

“అలవాటున్న మనిషి ఎవరో మీకు తెలుసు,” అన్నాడు ఆనందబాబు నా మొహం చూసి. “ఎవురు?”

నేను నోరు తెరిచాను. అప్పుడే బయట దడదడ పోయింది.

బుస్సు.

బుస్సు.

ఎవరో అలసిపోయి నిట్టూర్చినట్టు, గుంటల మీది మంచులోకి ఆ సద్దు జారిపోయింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగాయి. నురగ సద్దుమణిగింది. ఎంత నిశ్శబ్దమంటే గట్టు చివరి ఇంట్లో తలుపు తెరుచుకోవడం షెడ్డులోకి వినిపించింది.

నేను షెడ్డు బయటికి వచ్చాను. చీకటి పడుతోంది. మంచులో ఒక టార్చిలైటు గట్టు మీద ఊగుతూ ఇంజను వైపు వెళుతోంది. లైటు కింద ఉత్త పాదాలు. ఇంజను పక్కన భుజం మీద తువ్వాలు లేని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తువ్వాలు చేతికి చుట్టుకుని ఉంది, ఆ చేతిలో ఇంజను హ్యాండిలు ఉంది.

“ఆదిశేషమ్మా, ఆగమ్మా,” అని అరిచాను. గాలి సముద్రం మీదినుంచి ఇటు వీస్తోంది. నా గొంతు నా వెనక్కే పోయింది. ఆమె ఆగలేదు. రొయ్యలకి గాలి ఆడటం లేదు, ఆమెకి అది తప్ప వేరే ధ్యాస లేదు.

ఆనందబాబు నా పక్కనుంచి దూసుకుపోయాడు. ఎవరు అని మళ్ళీ అడగలేదు. నేనూ బురదలో పరిగెత్తాను, ఈ మూడు రోజుల్లో మొదటిసారి పూర్తిగా మెలకువ వచ్చి. మా ముందు, మంచులో, ఆ టార్చిలైటు ఇంజను దగ్గరికి చేరి ఆగింది.